తాటితోపు మీద వెలిగిన దీపాలు

మొన్న సాయంత్రం ఆరేసిన చీర తీసుకురావడానికి మా అపార్టుమెంటు డాబా మీదికి వెళ్ళాను. లిఫ్టు ఉంది కనక ఈ వయసులో ఆ మాత్రం తిరగగలుగుతున్నాను. కింది అంతస్తు పిల్లలు ఆకాశంలోకి వేళ్ళు చూపిస్తూ గోల చేస్తున్నారు. తలెత్తి చూస్తే ఎదురుగా ఉన్న కొండకు పైగా చిన్న చిన్న వెలుగులు ఒకదాని వెనక ఒకటి బారు కట్టి పోతున్నాయి. పిల్లల తండ్రి జేబులోంచి ఫోను తీసి, అవి ఏ ఉపగ్రహాలో, ఎవరు పంపారో, మళ్ళీ ఎప్పుడు వస్తాయో క్షణంలో చెప్పేశాడు. పిల్లలు సరేనని ఆటలో పడ్డారు. నేను మాత్రం చీర భుజాన వేసుకుని అవి కనుమరుగయ్యేదాకా నిలబడ్డాను. ఆకాశంలో వెలుగులు కనిపిస్తే అవి ఏమిటో ఎవరూ చెప్పలేని ఒక ఎండాకాలం నాకు గుర్తుకొచ్చింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో ఉంటాయి. అమ్మ పోయి ఏడాది తిరగలేదు. నాన్న బెజవాడలో కొండ కింద ఒక బట్టల కొట్టులో గుమాస్తా. పొద్దున్నే నాకింత అన్నం వండి పెట్టి, పక్కింటి వాళ్ళకు అప్పజెప్పి కొట్టుకు వెళ్ళేవాడు. యుద్ధం రోజులు. సముద్రం ఒడ్డు ఊళ్ళ మీద జపాను వాళ్ళు బాంబులు వేశారని, రేపో మాపో బెజవాడ వంతెన మీద కూడా వేస్తారని చెప్పుకునేవారు. వీధి దీపాలకు నల్లరంగు పూశారు. మా సందులో వాళ్ళు ఒక్కొక్కరే బిందెలు, పరుపులు బళ్ళకెక్కించుకుని పల్లెలకు వెళ్ళిపోయారు. చివరికి పక్కింటి వాళ్ళు కూడా తాళం వేశారు. నన్ను చూసే దిక్కు లేక, నాన్న తన అక్కగారి ఊరికి పంపాలని నిర్ణయించుకున్నాడు.

పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు మీద నడిచేవి. బస్సు వెనక పెద్ద ఇనప పీపా ఉండేది. అందులో బొగ్గు రాజేసి, ఒక కుర్రాడు చక్రం తిప్పుతూ ఉంటే, ఎప్పటికో దగ్గుతూ కదిలేది. పామర్రు చేరేసరికి మా మొహాలు మసి కొట్టుకుపోయాయి. అక్కడి నుంచి ఎడ్లబండి. కూచిపూడి వెళ్ళే రోడ్డు మీద కొంత దూరం పోయి, కాలువ గట్టు దిగితే అత్తయ్య వాళ్ళ ఊరు. దారంతా నాన్న నా చెయ్యి పట్టుకునే కూర్చున్నాడు. మర్నాడు నేను లేచేసరికి వెళ్ళిపోయాడు.

అత్తయ్య వాళ్ళది సాలెల వీధి. ఆ వీధి వాసన ఇప్పటికీ నాకు గుర్తే. గంజి వాసన. తెల్లారేసరికి వీధి పొడుగునా పడుగు నూలు, అంటే బట్టలో నిలువుగా వచ్చే దారాలు, లాగి కట్టి, దానికి గంజి పట్టించి కుంచెతో దువ్వేవారు. తడి నూలు, పులిసిన గంజి, ఎండకు కాలుతున్న దుమ్ము కలిసి ఒక వాసన వచ్చేది. అయితే ఆ ఏడు నూలు దొరకడం కష్టమై, సగం మగ్గాలు పడుకున్నాయి. పగలు ఆ వీధిలో నడుస్తుంటే అక్కడొకటి, అక్కడొకటి మగ్గం చప్పుడు వినిపించేది. వాటిలో ఒకటి మా అత్తయ్యది.

ఆడవాళ్ళు రాట్నం తిప్పడం, కండెలకు దారం చుట్టడం వరకే గానీ, మగ్గం ముందున్న గుంటలో దిగి కూర్చుని నేసేది మగవాళ్ళే. కానీ మామయ్య అంతకు మూడేళ్ళ ముందే రంగూన్ వెళ్ళిపోయాడు. రంగూన్‌ని మావాళ్ళు రంగం అనేవారు. అక్కడ బియ్యం మిల్లులో పని. ఆయన వెళ్ళిన నెలకే అత్తయ్య కొంగు బిగించి గుంటలో దిగిందట. వీధిలో వాళ్ళు నాలుగు రోజులు చెవులు కొరుక్కుని ఊరుకున్నారు. అత్తయ్యకు పిల్లల్లేరు. పొడుగ్గా, సన్నగా ఉండేది. మాట తక్కువ. నన్ను కొట్టేది కాదు, తిట్టేది కాదు, దగ్గరకూ తీసేది కాదు. వేళకు తల దువ్వి జడ వేసి, అన్నం పెట్టి, మళ్ళీ మగ్గం గదిలోకి వెళ్ళిపోయేది.

ఇంట్లో ఇంకో మనిషి మామ్మ. మామయ్య తల్లి. రెండు కళ్ళకూ పొరలు కమ్మి, వెలుగు నీడ తప్ప ఏమీ తెలిసేది కాదు. అయినా రాట్నం ముందు కూర్చుంటే దారం తెగనిచ్చేది కాదు. నాకు ఆ ఇంట్లో మాట్లాడే తోడు ఆవిడే. మాగాయ ముక్కలు ఎండబెట్టి, కాకులు వాలకుండా చూడమని నన్ను కాపలా పెట్టేది. ఉప్పూ పసుపూ పట్టిన ముక్కలు ఎండకు మెత్తబడి, అంచులు వంకర్లు తిరిగి, నోరూరించేవి. ఒకటి తిని, ఒకటి తిని, సాయంత్రానికి చాప మధ్యలో ఖాళీ కనిపించేది. రాత్రి అన్నం నోట్లో పెట్టుకుంటే పళ్ళు పులిసిపోయి నమలలేకపోయేదాన్ని.

“ఏవే, ఇవాళ కాకులు గట్టిగానే తిన్నట్టున్నాయే,” అనేది మామ్మ.

“అవును మామ్మా. తోలినా పోలేదు.”

“ఆ కాకిని రేపు ముంజలు తినమను. మాగాయ కాస్త మిగలనిమ్మను.”

పగలు ఎలాగో గడిచేది. ఎటొచ్చీ సాయంత్రమే కష్టం. ఎండ చల్లబడి, వీధిలో పిల్లల్ని వాళ్ళ అమ్మలు స్నానాలకు పిలుస్తుంటే నాకు ఆ వీధిలో ఉండబుద్ధయ్యేది కాదు. అప్పుడు ఎవరికీ చెప్పకుండా కాలువ గట్టు మీదికి పోయి కూర్చునేదాన్ని. ఎండాకాలం కాలువ కట్టేశారు. అడుగున బురద ఎండి పలకలు పలకలుగా పగిలింది. ఎక్కడో ఒక గుంటలో మిగిలిన నీళ్ళలో చేపపిల్లలు కొట్టుకునేవి. అవతల కోసేసిన పొలాలు, వాటికి అవతల బారుగా తాటితోపు, ఆ పైన ఆకాశం. ఆ దిక్కునే సముద్రం ఉందని చెప్పేవారు.

ఒకరోజు అలా కూర్చుని ఉంటే, పొద్దు వాలి ఎరుపు ఇంకా పూర్తిగా పోకముందే, తాటితోపుకు బాగా పైన ఒక వెలుగు కనిపించింది. చుక్క అనుకున్నాను. దాని పక్కన ఇంకోటి వెలిగింది. తర్వాత ఇంకోటి. పండిన నిమ్మకాయ రంగు. చుక్కల్లాగా మినుకుమినుకుమనడం లేదు. నిలకడగా, చేత్తో పట్టుకున్నట్టుగా ఉన్నాయి. కాసేపు అలా ఏటవాలుగా నిలబడి, మెల్లిగా ఒక పక్కకు కదిలాయి. ఎవరో పొలం గట్టు మీద లాంతర్లు పట్టుకుని ఒకరి వెనక ఒకరు నడుస్తున్నట్టుంది. చప్పుడు లేదు. ఆ తర్వాత ముందున్నది ఆరిపోయింది. దాని వెనకది, దాని వెనకది ఆరిపోయాయి. చివర ఒక చిన్నది కాసేపు ఒంటరిగా నిలిచి, అది కూడా పోయింది.

నాకు భయం వేయలేదు. ఇంటికి పరిగెత్తి వెళ్ళి చెప్పాను. మామ్మ రాట్నం ఆపింది.

“ఎట్టా ఉన్నాయే? ఎర్రగా ఉన్నాయా, తెల్లగా ఉన్నాయా?”

నేను చెప్పబోతుంటే మగ్గం గదిలోంచి అత్తయ్య గొంతు వినిపించింది. “చీకటి పడేదాకా గట్టు మీద ఏవిటి. వచ్చి కాళ్ళు కడుక్కో.”

మర్నాడు మళ్ళీ వచ్చాయి. ఒకరోజు రాలేదు. ఆ తర్వాత మళ్ళీ వచ్చాయి. అప్పటికి గొడ్లు తోలుకొచ్చే వాళ్ళు కూడా చూశారు. నాలుగు రోజులు తిరిగేసరికి పొద్దు వాలేవేళకు ఊళ్ళో సగం మంది కాలువ గట్టు మీదే ఉండేవారు. చుట్టలు కాలుస్తూ, తాటాకు విసనకర్రలతో దోమల్ని తోలుకుంటూ, తలా ఒక మాట చెప్పేవారు. విమానాలని బడిపంతులుగారు అన్నారు. విమానమైతే మోత వినపడదా అని ఎవరో అడిగారు. సముద్రంలో పడవల దీపాలే మబ్బుకు తగిలి కనిపిస్తున్నాయని ఇంకొకాయన అన్నాడు. ఆ మాట మర్నాడు ఎండుచేపల గంపతో వచ్చిన పల్లెకారుల ఆవిణ్ణి అడిగారు. ఆవిడ గంప దించి, మజ్జిగ అడిగి తాగి, అరుగు మీద కూర్చుంది.

“పడవలెక్కడియ్యండి. సముద్రం మీద దీపమన్నది కనపడకూడదని చెప్పి పోయారు గదండీ దొరలు. మావోళ్ళు చుట్ట కూడా ముట్టించుకోట్లేదు. ఆ దీపాలు మాకూ కనపడతన్నాయండి. మాకంటే ఇంకా అవతల, నీళ్ళ మీద ఉంటన్నాయి. మీరేమో మా వైపనుకుంటన్నారు, మేమేమో ఇంకా అవతలనుకుంటన్నాం.”

అంతే. ఇక ఆ దీపాలు ఎవరివో చెప్పే వాళ్ళు లేకపోయారు.

ఆ రోజుల్లోనే పక్క ఊరి మనిషి ఒకడు రంగం నుంచి నడిచి వచ్చాడు. అక్కడ బాంబులు పడ్డాక ఓడలు దొరక్క, వేల మంది అడవులూ కొండలూ పడి కాలినడకన బయల్దేరారట. దారిలో ఆకలికీ జ్వరాలకీ ఎంతమంది పోయారో లెక్క లేదట. ఆ మనిషి మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పాదాలకు గుడ్డపేలికలు చుట్టుకుని ఉన్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి. మామ్మ తడుముకుంటూ వచ్చి ఆయన చేతులు పట్టుకుంది. అత్తయ్య గుమ్మం వెనక నిలబడింది.

“మీ అబ్బాయీ నేనూ మొదట్నించీ కలిసే వచ్చామమ్మా. కొండ ఎక్కేటప్పుడు ఆయనకి జ్వరం తగిలింది. ఒక చెట్టు మొదట్లో కూర్చుని, నువ్వు నడుస్తుండు, కాస్త తగ్గాక నేనొస్తానన్నాడు. నా దగ్గరున్న నీళ్ళు ఇచ్చి వచ్చాను.”

“ఆ తర్వాత?” అంది మామ్మ.

“అట్టా కూర్చున్నవాళ్ళు మళ్ళీ లేవడం నేను చూళ్ళేదమ్మా.”

గుమ్మం వెనక అత్తయ్య అడిగింది. “మీరు చూస్తుండగా పోలేదుగా?”

“లేదమ్మా. నేను చూస్తుండగా కూర్చునే ఉన్నాడు.”

అత్తయ్య ఆయనకు అన్నం పెట్టింది. ఆయన తిని లేచేదాకా పక్కనే నిలబడి విసిరింది. ఆయన వెళ్ళిపోయాక గుంటలో దిగి మగ్గం మొదలుపెట్టింది. ఆ రోజు చీకటి పడి దారం కనపడకుండా పోయేదాకా ఆ చప్పుడు ఆగలేదు.

మామ్మ మాత్రం ఆనాటి నుంచి మారిపోయింది. ఆకాశంలో వచ్చేది రంగం దారిలో పడిపోయిన వాళ్ళేనని ఆవిడకు గట్టి నమ్మకం కుదిరింది. కర్మ చేసే వాళ్ళు లేక, నీళ్ళు వదిలే వాళ్ళు లేక, సముద్రం మీదుగా ఇళ్ళు వెతుక్కుంటూ వస్తున్నారని చెప్పేది. ఆవిడకు కనపడదు కనక నన్ను కళ్ళుగా వాడుకునేది. సాయంత్రం కాగానే నా భుజం పట్టుకుని గట్టు ఎక్కేది.

“వచ్చాయా?”

“వచ్చాయి మామ్మా.”

“దగ్గరికి వస్తున్నాయా, దూరం పోతున్నాయా?”

“అక్కడే ఉన్నాయి.”

“పాపం, దారి తెలియట్లేదు,” అనేది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకునేది కాదు.

ఒకరోజు అడగలేక అడగలేక అడిగాను. “మామ్మా, మా అమ్మ కూడా అందులో ఉంటుందా? అమ్మ రంగం దారిలో పోలేదుగా, ఇంట్లోనే పోయింది.”

మామ్మ నా తల నిమిరింది. “ఎందుకుండదే. దారిలో పోయినా ఇంట్లో పోయినా పిల్లల మీదే కదా మనసు.”

ఆ మాట నాకు చాలు. వరసలో చివర ఉండే చిన్న వెలుగును నాకోసం ఎంచుకున్నాను. అన్నీ పోయినా అది కాసేపు ఆగుతుంది కనక, నన్ను చూడడానికే ఆగుతోందని అనుకున్నాను. ఇక సాయంత్రాలంటే దిగులు పోయింది. ఎప్పుడు పొద్దు వాలుతుందా అని ఎదురుచూసేదాన్ని. పగలు జరిగినవన్నీ మనసులో దానికి చెప్పుకునేదాన్ని. మాగాయ ముక్కల సంగతి కూడా చెప్పాను.

ఊరంతా చూసినా, అత్తయ్య మాత్రం ఒక్కరోజూ గట్టు మీదికి రాలేదు. “ఒక్కసారి వచ్చి చూడు అత్తయ్యా, ఎంత దూరమని,” అని కొంగు పట్టుకు లాగాను.

“చూడను. చూస్తే ఏదో ఒకటి అనుకోవాలి,” అంది. నా చెయ్యి మెల్లిగా విడిపించుకుని, పడుగులో అటూ ఇటూ విసిరే నాడె అందుకుంది.

కొన్నాళ్ళకు మామ్మ కులపెద్దను పిలిపించింది. ఆయన మామ్మకు మరిది వరస. మెత్తటి మనిషి, తెల్లటి మీసాలు. ఆయనతో ఇంకో ఇద్దరు పెద్దలు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. పొద్దు వాలే వేళ. మా ఇల్లు వీధి చివర కావడంతో, అరుగు మీంచే పొలాలూ తాటితోపూ కనిపించేవి. నేను మామ్మ ఒళ్ళో ఆనుకుని ఉన్నాను. లోపల మగ్గం ఆడుతోంది.

“మనిషి లేడని తెలిశాక కర్మ ఆపడం మంచిది కాదు,” అంది మామ్మ. “రోజూ వచ్చి నిలబడుతున్నాడు. వాడికి దాహం తీరాలి. దర్భలతో బొమ్మ చేసి ఆ కాస్తా కానివ్వండి మరిదీ.”

కులపెద్ద గొంతు సవరించుకున్నాడు. “చెయ్యొచ్చు వదినా. కానీ కర్మ అంటే ఆ అమ్మాయి సంగతి కూడా ఆలోచించాలి. బొట్టు, గాజులు… ఆ తర్వాత మనం వెనక్కి తీసుకునేది కాదు.”

నాకు అప్పుడు గానీ వాళ్ళు దేని గురించి మాట్లాడుతున్నారో అర్థం కాలేదు. అంతకు ముందు ఏడు మా సందులో ఒక ఆవిడకు గాజులు పగలగొట్టడం చూశాను. ఆ చప్పుడు నాకు గుర్తుంది.

“చీకటి పడుతోంది. వచ్చాయేమో చూడవే,” అంది మామ్మ.

చూశాను. వచ్చాయి. ఆరోజు ఎప్పటికంటే కాస్త పెద్దగా, తాటితలలకు కాస్త దగ్గరగా ఉన్నాయి. వచ్చాయని చెప్పాను. పెద్దలు లేచి నిలబడి పై పంచెలు సర్దుకున్నారు. ఒకాయన చేతులు జోడించాడు.

“చూశారుగా,” అంది మామ్మ. “ఇవాళ దగ్గరికొచ్చాడు.”

లోపల మగ్గం ఆగింది. అత్తయ్య గుమ్మం దాటి బయటికి వచ్చింది. ఆ పెద్దల ముందుకు ఆవిడ అలా రావడం నేను ఎప్పుడూ చూడలేదు. చేతి వేళ్ళకు నూలు పీచు అంటుకుని ఉంది. అరుగు దిగి, వీధి మధ్యలో నిలబడి, తల ఎత్తి ఆకాశంలోకి చూసింది. చాలాసేపు చూసింది. ముందున్నది ఆరిపోయింది. తర్వాతవీ ఆరడం మొదలుపెట్టాయి. చివరిది కూడా పోయాక ఇటు తిరిగింది.

“వాటిల్లో ఆయన లేడండీ, చిన్నమామయ్యగారూ,” అంది.

“నీకెట్టా తెలుసమ్మా?”

“ఆయన వెళ్ళింది ఈ రోడ్డు మీదే. బండెక్కకుండా పామర్రు దాకా నడుచుకుంటూ పోయాడు. వస్తే ఈ రోడ్డు మీదే వస్తాడు. ఆకాశంలోంచి వచ్చేవాటితో నాకు పని లేదు. ఆ చూసొచ్చినాయన కూడా కూర్చున్నాడనే చెప్పాడు గానీ పోయాడని చెప్పలేదు. కూర్చున్న మనిషికి నేను కర్మ చెయ్యనివ్వను.”

గొంతు పెంచలేదు. మర్నాటికి పిండి రుబ్బాలని చెప్పినట్టు చెప్పింది.

కులపెద్ద మామ్మ వైపు చూశాడు. ఆవిడకు ఆయన చూడడం కనపడదు. అయినా తెలిసినట్టుంది. చాలాసేపు చీర అంచు వేళ్ళ మధ్య నలుపుకుంటూ కూర్చుంది. ఒకే మనిషి కోసం, ఒకరు పోయాడని ఏడుస్తున్నారు, ఒకరు పోలేదని బిగబట్టుకున్నారు. ఇద్దరిలో ఎవరిని కాదనడానికీ ఆ పెద్దాయనకు నోరు రాలేదు.

చివరికి మామ్మే అంది. “వెళ్ళిరండి మరిదీ. కోడలు చెప్పినట్టే కానివ్వండి.”

వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. నేను అసలు కంచం ముందుకే రాలేదు. వాకిట్లో మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చున్నాను. అత్తయ్య వచ్చి పక్కన కూర్చుంది.

“ఏవైందే?”

వాటిల్లో మామయ్య లేకపోతే అమ్మ కూడా లేనట్టేగా అన్నాను. చివర ఉండే చిన్నదాని గురించి చెప్పాను. చెప్తుంటే ఏడుపు వచ్చింది.

అత్తయ్య నన్ను దగ్గరికి లాక్కుంది. ఆవిడ ఒంటికి గంజి వాసన. నేను వచ్చాక ఆవిడ నన్ను అలా పట్టుకోవడం అదే మొదటిసారి.

“నీకు కావాలంటే అది ఉంచుకో,” అంది. “నేను వద్దన్నది మీ మామయ్య సంగతి. ఆయన్ని మాత్రం అందులో కలపొద్దు.”

మర్నాడు సాయంత్రం మామ్మ నా భుజం పట్టుకుంది. గట్టు వైపు కాక, రోడ్డు వైపు తిప్పమంది. ఊరి మొగలో, రోడ్డు మలుపు తిరిగే చోట ఒక రాయి మీద కూర్చున్నాం.

“ఎవరన్నా వస్తున్నారా?”

“ఎద్దులబండి మామ్మా. గడ్డి వేసుకొస్తున్నారు.”

“వెనకాల నడిచొచ్చే వాళ్ళున్నారా?”

“లేరు.”

“సరే. చూస్తుండు.”

అలా ఆ ఎండాకాలమంతా చూశాం. వెళ్ళేవాళ్ళు, వచ్చేవాళ్ళు. నేను ప్రతి మనిషినీ వర్ణించి చెప్పేదాన్ని. పొట్టా, పొడుగా, నెత్తిన ఏముంది, నడకెట్టా ఉంది. మామ్మ విని, కాదులే అనేది. మధ్యమధ్యలో నేను తల తిప్పి తాటితోపు మీద నాది వచ్చిందేమో చూసుకునేదాన్ని.

తొలకరి పడింది. కాలువ వదిలారు. ఎర్రటి నీళ్ళు చెత్తా నురగా తోసుకుంటూ వస్తుంటే, పిల్లలందరం గట్టు వెంట నీళ్ళతో పాటు పరిగెత్తాం. ఆకాశం మబ్బు కమ్మింది. మబ్బులు విడిచాక చూస్తే దీపాలు రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. ఊడ్పుల పనిలో పడి ఊరు వాటి సంగతే మర్చిపోయింది. నాట్లు సగం అయ్యేసరికి, బెజవాడలో భయం తగ్గిందని నాన్న వచ్చి నన్ను తీసుకెళ్ళాడు. బండి కదిలేటప్పుడు మామ్మ నా మొహమంతా చేత్తో తడిమింది. అత్తయ్య ఒక చిన్న తువ్వాలు మడిచి ఇచ్చింది. మిగిలిన నూలు ముక్కలతో నేసింది కనక రంగులు కలవలేదు.

మామయ్య రాలేదు. యుద్ధం అయిపోయింది, రంగం నుంచి రావాల్సిన వాళ్ళు ఓడల మీద వచ్చారు, మరికొన్నాళ్ళకు దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. ఆయన రాలేదు. ఆయన పోయాడని చెప్పే మనిషీ రాలేదు. మామ్మ పోయినప్పుడు కొడుకు చెయ్యాల్సింది కులపెద్ద చేశాడు. అత్తయ్య బొట్టు పెట్టుకునే ఉంది. మొదట్లో పేరంటాలకు పిలవాలా వద్దా అని వీధిలో వాళ్ళు తటపటాయించారు. తర్వాత పిలవడం మానేశారు. ఇంకా తర్వాత, ఎందుకు మానేశారో తెలియని కొత్త కోడళ్ళు వచ్చి మళ్ళీ పిలిచారు. ఆవిడ మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. ఎవరు పిలవవచ్చినా కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి పంపేది. నాన్న ఎన్నోసార్లు బెజవాడ వచ్చెయ్యమన్నాడు. “ఇల్లు తాళం వేసి ఉంటే ఎట్టా తమ్ముడూ,” అనేది.

నాకు పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టాక ఒకసారి వెళ్ళాను. ఊరికి కరెంటు వచ్చింది. మగ్గం గదిలో బల్బు వెలుగుతున్నా, అత్తయ్య పొద్దు వాలేసరికి పని ఆపి, కిటికీ దగ్గర పీట వేసుకుని కూర్చుంది. ఆ కిటికీ తాటితోపు వైపు ఉంటుందని నేను అప్పటిదాకా గమనించనే లేదు.

“అత్తయ్యా, అప్పుడు దీపాలు వచ్చేవి, గుర్తుందా?” అని అడిగాను.

ఆవిడ ఇటు తిరగలేదు. “ఎంత బాగుండేవే,” అంది.

నేను ఆశ్చర్యపోయాను. “నువ్వు చూసింది ఒక్క రోజేగా.”

“రోజూ చూసేదాన్ని. ఇక్కడ్నించే. ఆ వేళకి నాడె పక్కన పెట్టేసి, గుంటలో కూర్చునే చూసేదాన్ని. అత్తగారు ఇంట్లో ఉన్న రోజు, చప్పుడు ఆగితే ఆవిడకు తెలుస్తుందని, కాలితో ఊరికే తొక్కుతుండేదాన్ని.” కాస్త నవ్వింది. “ఇంట్లో మనిషి ఏవయ్యాడో తెలియని రోజుల్లో, దీపాలు బాగున్నాయని ఎవరితో అంటాను. అంటే ఏవనుకుంటారు. అవి పోయాక చాన్నాళ్ళు ఎదురుచూశాను. ఆయన కోసం చూసినట్టే వాటికోసం కూడా చూశాను.”

పొద్దు పూర్తిగా దిగేదాకా ఇద్దరం ఆ కిటికీ దగ్గరే కూర్చున్నాం. ఆకాశంలో ఎరుపు తగ్గి, నీలం ముదిరి, మామూలు చుక్కలు వచ్చాయి. పిల్లలు ఆకలని పిలిస్తే లేచి వెళ్ళాను.

ఆ ఊళ్ళో ఆ సాయంత్రాలు చూసిన వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అత్తయ్య పోయి కూడా చాలా ఏళ్ళయింది. చదువుకున్న వాళ్ళను నేను అక్కడక్కడా అడిగాను. ఒకరు ఒకటి చెప్పారు, ఇంకొకరు ఇంకొకటి చెప్పారు. ఎవరు చెప్పిందీ నేను చూసినదానికి సరిపోలేదు. ఇప్పుడు అడగడం మానేశాను. నీకూ గుర్తుందా అని నేను అడగగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కరూ లేరు. ఊరు ఊరంతా గట్టు మీద నిలబడి అవేమిటని అడిగింది, ఎవరివని అడిగింది, ఏం కీడు తెస్తాయోనని భయపడింది. అవి ఎంత బాగున్నాయో చెప్పింది అత్తయ్య ఒక్కతే, అదీ అన్నేళ్ళ తర్వాత, నాతో.